ఖాళీగా రాని డబ్బా

డబ్బాలు కడుగుతున్న వసంత ఒకదాని మూత తీసి ఆగిపోయింది. లోపల ఎర్రగా మిగలపండిన టమాటలు ఉన్నాయి.

చేవెళ్లలోని తమ కిరాణా దుకాణం తీసేసి, మాదాపూర్ సాఫ్ట్‌వేర్ ఆఫీసులకు భోజనం డబ్బాలు పంపాలని ఆమె ఆశ. నడుస్తుందో లేదో తెలుసుకోవడానికి వారం నుంచి భర్త దేవదాస్ చేతికిచ్చి ఉచితంగా పంపుతోంది. డబ్బాలు రోజూ ఖాళీగా తిరిగొస్తున్నాయి. “మస్తు ఇష్టంగ తింటున్నరు” అంటున్నాడతను. ఆ మాట నమ్మి, దుకాణంలో అరలు ఊడదీయడానికి వడ్రంగిని కూడా పిలిచింది.

“ఆఫీసోళ్లు టమాటలిచ్చిండ్రా?”

దేవదాస్ తల దించుకున్నాడు.

“మొదటి రోజే వాచ్‌మన్ వెనక గేటుకు పొమ్మన్నడు. మన దుకాణంల గల్లా మీద కూసునేటోన్ని, డబ్బాలు పట్టుకొని ఆడ ఎట్ల నిలబడాలె? సిగ్గయింది. వాపస్ వచ్చి మన మార్కెట్ల కూరగాయలమ్మేటోళ్లకు పెట్టిన. రోజూ వాళ్లకే పెడుతున్న.”

వసంత టమాట ఒకటి చేతిలోకి తీసుకుంది.

“నేను వండిన్నని చెప్పిండ్రా?”

“లేదు. హోటల్ల మిగిలిందని చెప్పిన.”

“మరి ఇవెందుకు పెట్టిండ్రు?”

అతను గోడవైపు తిరిగి చెప్పాడు.

“ఆడ టమాటలమ్మే అవ్వ నా మాట నమ్మలే. మిగిలిన తిండి గింత కమ్మగ ఉండదన్నది. పొద్దుగాల లేచి వండిన ఆడమనిషి ఎవరో ఉన్నది, ఆమె డబ్బా ఖాళీగ పంపొద్దన్నది.”