మైనంలో దయావతి

“నాను సంతకం ఎట్టను,” అన్నాడు ప్రభుకుమార్, విప్పిన బోరు మోటారులోంచి తల ఎత్తకుండానే.

కూతురు కృపాజ్యోతి కాగితం పట్టుకుని షాపు గుమ్మంలోనే నిలబడిపోయింది. రావికమతంలో తాను పాఠాలు చెప్పే స్కూలు వదలగానే బస్సెక్కి, ఇంటికి కూడా వెళ్లకుండా నర్సీపట్నంలో తండ్రి నడిపే ఈ వైండింగ్ షాపుకే తిన్నగా వచ్చింది.

ఆమె అడుగుతున్నది పెద్ద పనేమీ కాదు. తల్లి దయావతి అండాశయ క్యాన్సర్‌తో పోయి రెండేళ్లయింది. ఆపరేషన్‌లో తీసిన గడ్డలోంచి చిన్న ముక్కను విశాఖపట్నం ఆసుపత్రి ల్యాబులో మైనంలో పెట్టి భద్రపరిచారు. దానికి ఇప్పుడు జన్యు పరీక్ష చేస్తే ఆ జబ్బు రక్తసంబంధంలో దిగే రకమో కాదో తెలుస్తుందని డాక్టరమ్మ చెప్పింది. అందుకు భర్త సంతకం కావాలి.

ప్రభుకుమార్ రాగితీగ విప్పుతూ ఏవేవో సాకులు చెప్పాడు. పోయినవాళ్లని కదపకూడదన్నాడు. పాస్టరు గారిని అడగాలన్నాడు. ఆయన్ని తాను ముందే అడిగానని, తప్పేమీ లేదన్నారని జ్యోతి చెప్పింది. అప్పుడు అతని చేతులు ఆగాయి.

“ఎంతుంటాదమ్మా ఆ ముక్క?”

జ్యోతి చిటికెన వేలి గోరు చూపించింది.

“ఫ్రిజ్జిలో ఎట్టారేటి? మీ అమ్మకి సలి పడదు కదా.”

జ్యోతికి నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. ఫ్రిజ్ అక్కర్లేదని, మైనంలో ఉన్నది మామూలు బీరువాలోనే ఏళ్ల తరబడి పాడవకుండా ఉంటుందని చెప్పింది. పరీక్షకి పలచటి పొరలు మాత్రమే తీస్తారని, మిగతాది అలాగే దాస్తారని కూడా చెప్పింది. అతను శ్రద్ధగా విన్నాడు. చేతులు తుడుచుకుని ఎదురు కొట్టు నుంచి టీ తెచ్చాడు. చిన్నప్పుడు పాలు చల్లార్చినట్టే ఆ గ్లాసులోంచి ఈ గ్లాసులోకి తిరగబోసి ఆమెకిచ్చాడు. సంతకం మాట మాత్రం ఎత్తలేదు.

“నాకు బయంగా ఉంది నాన్నా,” అంది జ్యోతి. “అమ్మలాగ మనోళ్లలో ఇంకెవరూ పోకూడదు.”

ప్రభుకుమార్ ఆమె ముఖంలోకి చూశాడు. కళ్లు లోతుకు పోయి ఉన్నాయి. ఎన్నాళ్లుగా నిద్ర లేదో. అతను లేచి వెళ్లి షట్టరు సగం దించాడు. తిరిగొచ్చి స్టూలు ఆమెకి దగ్గరగా లాక్కుని కూర్చున్నాడు.

“నువ్వు బయపడకమ్మా. మీ అమ్మ జబ్బు నీకు దిగదు.”

“నీకెలాగ తెలుసు?”

అతను సగం దించిన షట్టరు వైపు ఓసారి చూసి గొంతు తగ్గించాడు.

“నిన్ను కన్నది మీ అమ్మ కాదు.”

ఆ తర్వాత మిగతా మాటలు వాటంతటవే వచ్చేశాయి. కాన్పులోనే తల్లిని పోగొట్టుకున్న పసిగుడ్డును దయావతి ఆసుపత్రిలో ఒక్కసారి ఎత్తుకుందట, మళ్లీ దించనే లేదట. ఈ సంగతి బిడ్డకి ఎప్పటికీ చెప్పనని మొగుడి చేత ఒట్టు వేయించుకుందట. పరీక్షలో దయావతి జన్యువుల్లో లోపం ఉందని తేలితే జ్యోతి ఊరికే కుమిలిపోతుంది, అప్పుడు నిజం చెప్పక తప్పదు. అందుకే సంతకానికి ఒప్పుకోలేదన్నాడు. చెప్పడం అయ్యాక, దోషిలా తల వంచుకుని కూర్చున్నాడు.

జ్యోతి టీ గ్లాసు కింద పెట్టింది. గ్రీజు అంటిన అతని చేతిని తన రెండు చేతుల్లోకి తీసుకుంది.

“నాకు తెలుసు నాన్నా. పోయేముందు అమ్మే సెప్పింది. నాకు తెలుసని నీకు సెప్తే నువ్వు తట్టుకోలేవంది.”

అతను తల ఎత్తాడు. “మరి నీకు రాదని తెలిసీ ఈ పరీక్ష ఎందుకమ్మా?”

ఆమె పెన్ను మూత తీసి అతని వేళ్ల మధ్య పెట్టింది.

“అమ్మ సొంత సెల్లి కోసం నాన్నా. కోటవురట్ల పిన్నికి గడ్డ కనబడింది, తను కూడా నీకు సెప్పొద్దనే అంది.”