ఏ ఊరమ్మా మనది?

ఆ రోజు పొద్దున బాన్సువాడ మీద మబ్బు పట్టింది. కురవలేదు, పోలేదు. ఏం చేయాలో తోచనట్టు ఊరి మీదే నిలబడింది.

లస్మవ్వ మబ్బును చూడలేదు. అద్దం చూసింది. పెట్టెలోంచి ఆకుపచ్చ చీర తీసి కట్టుకుంది. తలకు నూనె రాసి ముడి వేసుకుంది.

పక్కింటి రూప్లి నడుం మీద చేతులు పెట్టుకుని గడప దగ్గర నిలబడింది.

"మళ్ల ఎగ్జిబిషనేనా? ఇయ్యాలటికి ఐదో దినం. చూసిన చక్రమే ఎన్నిసార్లు చూస్తవే?"

"నా కాళ్లు, నా ఇష్టం."

"చక్రం కోసం కాదులే, తిప్పేటోని కోసం. అరవై ఏండ్లకు మనసు పడ్డదా ముసల్దానా?"

లస్మవ్వ ముఖం ఎర్రబడింది. కాదనలేదు.

"మీ ఆయనకు చెప్పాల్నా?"

"చెప్పు. ఏమంటడు? ఊ అంటడు."

నిజమే. ఇంట్లో ఆమె మొగుడు నోరు తెరిచేది తినడానికే. పెళ్లైన నలభై ఏండ్లలో "ఊ", "ఉహూ", "నీళ్లు" అనే మూడు మాటలతో సంసారం లాక్కొచ్చాడు. కొడుకు పుట్టాడని దవాఖానలో చెబితే "ఊ" అన్నాడు. ఇంటికప్పు కురుస్తోందంటే "ఊ" అన్నాడు. రూప్లి బర్రె నయం, ఆకలైతే అరుస్తుంది. ఇవాళ కూడా పొద్దున్నే లేచి, ఇంత తిని, ఎక్కడికో చెప్పకుండా పోయాడు. ఆమె అడగనూ లేదు.

ఎగ్జిబిషన్ బస్టాండు దాటాక ఒక ఫంక్షన్ హాల్లో పెట్టారు. నిజాంసాగర్ కాలువల పాత ఫోటోలు, తూముల నమూనాలు, తుప్పు పట్టిన గొలుసులు. మొదటి రోజు రూప్లే లాక్కుపోయింది, మామిడి మొక్క ఉత్తగ ఇస్తున్నారని. మొక్క రూప్లి తెచ్చుకుంది. లస్మవ్వ మాత్రం గైడు మాట విని స్తంభం పక్కనే నిలబడిపోయింది.

గైడు పేరు లింగం. ముప్పై ఏండ్లు కాలువ తూము దగ్గర లష్కరు. నీళ్లు వదలడం, ఆపడం అతని ఉద్యోగం. రిటైరై ఇన్నేండ్లకు ఎవరో గుర్తుపెట్టుకుని పిలిచి, నీలం కోటు తొడిగి, వాకిట్లో నిలబెట్టారు. అంతే, మనిషికి పూనకం వచ్చింది.

"రండ్రి రండ్రి! చెప్పులిడువకున్రి, ఇది గుడి కాదు, కాలువ. గిది తూము చక్రం. ఒక్క చుట్టు తిప్పితే మీ చేన్లకు నీళ్లు. రెండు చుట్లు తిప్పితే పక్కోని తిట్లు!"

జనం పడీ పడీ నవ్వేవారు. ముసలివాళ్లను చెయ్యి పట్టి నడిపించేవాడు. పసిపిల్లల్ని ఎత్తి నమూనాలు చూపించేవాడు. అతని చాయ్ బల్ల మీదే చల్లారిపోయేది. "ఇంకో పదిమంది దిగిన్రు మేడం!" అని పెండ్లివారికి ఎదురుపోయినట్టు ఉరికేవాడు.

నాలుగు రోజులు లస్మవ్వ స్తంభం చాటు నుంచే విన్నది. ఇవాళ ఆఖరు. సాయంత్రం ఐదుకు మూసేస్తారు. ఆ మనిషి ఒక్కసారి తనకు ఎదురుగా నిలబడి ఆ మాటలు చెప్పాలి. ఇవాళ కాకపోతే ఈ జన్మకు లేనట్టే.

వరసలో నిలబడింది. తమాషా చూద్దామని రూప్లి కూడా వెనకే నిలబడింది. వంతు వచ్చింది.

లింగం తల ఎత్తాడు. చేతిలో పెన్ను ఆగిపోయింది.

ఎగ్జిబిషన్ చూసుకునే స్పందన మేడం పక్క నుంచి అందుకుంది. "అడుగు లింగం తాతా. ఎవరొచ్చినా మూడు ప్రశ్నలు అడగాలి, రాయాలి. రూల్ రూలే."

లింగం గొంతు సవరించుకున్నాడు.

"రండమ్మా. ఏ ఊరమ్మా మనది?"

లస్మవ్వ పుట్టింటి ఊరి పేరు చెప్పింది. "జుక్కల్."

"శాన దూరమే." రాసుకున్నాడు. "ఇంట్ల ఎంతమంది?"

"లెక్కకు ఇద్దరం. మాటకు నేనొక్కదాన్నే."

వరసలో ఎవరో కిసుక్కుమన్నారు. లింగం నవ్వలేదు. "ఇద్దరని రాస్తున్న. ఏం చూద్దామని వచ్చిన్రు?"

"చూసుడైంది. మాట ఇందామని వచ్చిన."

రూప్లి కొంగు నోట్లో కుక్కుకుంది.

అందరికీ పది నిమిషాలు పడితే ఆమెకు ముప్పావు గంట పట్టింది. మొదట్లో లింగం మాట తడబడింది, తర్వాత దారిన పడింది. చక్రానికి చుట్టుకున్న నాగుపాము సంగతి చెప్పాడు. వరదొచ్చిన ఏడాది మూడు రోజులు తూము మీదే ఉపాసం ఉన్నది చెప్పాడు. నీళ్ల హోరులో మనిషన్నవాడు కనపడక కప్పలతో పంచాయితీ పెట్టుకున్నది చెప్పాడు.

"భయం కాలేదా?"

"అయింది. శాన అయింది." ఆ సంగతి ఈ ఐదు రోజుల్లో అతను ఎవరికీ చెప్పలేదు.

"గివన్నీ ఇంట్ల చెప్తరా?"

"ఇంట్ల వరస కట్టి ఎవలింటరమ్మా?"

"నిలబడ్డోళ్ల దిక్కు చూడాలె గద."

లింగం చక్రం మీంచి చెయ్యి తీశాడు. తర్వాత పోయి కుర్చీ తెచ్చి వేశాడు. గ్లాసు కడిగి మంచినీళ్లు తెచ్చాడు.

"తాగున్రి. దూరం నుంచి వచ్చిన్రు."

ఐదైంది. స్పందన మేడం లైట్లు ఆర్పించింది.

తిరుగు ఆటోలో రూప్లి మోచేత్తో పొడిచింది. "ఇగ ఇంటికి పోయి ఏం జేస్తవే జుక్కల్ పిల్లా?"

"వంట."

దీపాలు పెట్టే వేళకు లింగం వచ్చి, కాళ్లు కడుక్కుని, నలభై ఏండ్లుగా కూచునే చోటే గోడకు ఆనుకుని కూచున్నాడు. లస్మవ్వ రెండు కంచాల్లో వడ్డించింది, మొగుడూ పెళ్లాలిద్దరూ ఒక్క మాట లేకుండా తిన్నారు.