చెత్త చదవని దొర

“చెత్త నేను చదవను,” అన్నాడు దొర.

కొత్త కథ ఎలా ఉందని రచయిత అడిగినందుకు వచ్చిన జవాబు అది. అడిగినవాడి మొహం కూడా చూడలేదు. తెచ్చిన పేజీలు ఎడిటరమ్మ బల్ల మీద పెట్టి, వేళ్లకంటిన ఇంకు రుమాలుతో తుడుచుకుంటూ మెట్లు దిగి వెళ్లిపోయాడు.

దొర ఆయన అసలు పేరు కాదు. బొమ్మల కథల పత్రిక ఆఫీసులో అందరూ చాటుగా పెట్టుకున్న పేరు. బొమ్మల్లో మనుషుల నోటి దగ్గరుండే బుడగల్లో మాటలు దిద్దడం ఆయన పని. రచయిత మాటలు రాసిస్తే, చిత్రకారుడు బొమ్మలేస్తే, రెండూ ఇంటికి పట్టుకెళ్లి ఆ మాటల్ని బుడగల్లో ముత్యాల్లా పేర్చి తెచ్చేవాడు. రాజు నోట్లో అక్షరం నిటారుగా నిలబడేది. దొంగ నోట్లో పక్కకి ఒరిగేది. బొమ్మలో నోరు ఎంత తెరుచుకుంటే అక్షరం అంత లావయ్యేది.

పనిమంతుడే. పొగరు మాత్రం పనికి నాలుగింతలు.

ఫోన్ చేసి ఒక్క మాట మార్చమంటే మార్చడు. గాలిలో మాటలు తను దిద్దనని, కాగితం మీద రాసి పంపమని చెప్పి పెట్టేస్తాడు. ఏ మాట ఏ బుడగలోదో, ఏ వరుస ఎక్కడ తెగాలో కూడా రచయితే గుర్తులు పెట్టివ్వాలి. బుర్ర కవిగారిదట, చెయ్యి మాత్రమే తనదట. పత్రిక ఇంకో రెండు భాషల్లో మొదలైతే ఆ బుడగలూ ఆయనే దిద్దాడు, అంతే సొగసుగా. ఎన్ని భాషలు వచ్చండీ అని రచయిత నోరు వెళ్లబెట్టాడు.

“నాకు అన్నీ ఒకటే,” అన్నాడు దొర, ఈగను తోలినట్టు.

ఇవన్నీ ఒక ఎత్తు, సింహాసనం ఒక ఎత్తు. ఆ మాటను రచయిత తొందరలో ‘హింసాసనం’ అని రాశాడు. బుడగలోనూ అదే వచ్చింది. ఎడిటరమ్మ దొర పేజీలను ఎప్పుడూ సరిచూడదు, బంగారానికి గీటురాయి ఎందుకంటుంది. “ఈ హింసాసనం నాది” అని యువరాజు రొమ్ము విరుచుకుని పలికాడు. పాఠకులు పొట్టలు పట్టుకున్నారు. కళ్లముందు తప్పు కనపడుతుంటే ఎందుకు సరిచేయలేదని రచయిత నిలదీశాడు.

“తమరు రాసిందే కదా కవిగారూ,” అన్నాడు దొర.

నవ్వాడో లేదో తెలియలేదు. నవ్వాడనే రచయిత నమ్మాడు.

ఆ కసితో ఒక వెధవ పని చేశాడు. తర్వాతి కథలో మాంత్రికుడు హీరోని తిట్టే చోట అసలు మాట కొట్టేసి, ఇలా రాసి పంపాడు: “ఈ అక్షరాలు దిద్దే దొర దొర కాడు, దొర వేషం కట్టిన గాడిద.”

మండిపడితే చదివినట్టే. చదివినట్టు తేలితే, చెత్త చదవనన్నారుగా అని పదిమందిలో గాలి తీసెయ్యొచ్చు. అంతవరకే అతని ఎత్తు.

పేజీ వచ్చింది. బుడగలో గాడిద చెక్కుచెదరకుండా ఉంది. మాంత్రికుడు నోరు బార్లా తెరిచి ఉన్నాడు కాబట్టి తిట్టు లావుగా, నిగనిగలాడుతూ, ఒక్కో ఒత్తూ ఒద్దికగా కూర్చుని ఉంది. దొర మొహంలో ఏ మార్పూ లేదు. ఎప్పటిలాగే వేళ్లు తుడుచుకుని వెళ్లిపోయాడు.

రచయిత అప్పుడైనా ఆ పేజీ ఆపొచ్చు. ఎవరు ముందు దిగొస్తారో చూద్దామని మొండికేశాడు. పత్రిక అచ్చయి బజార్లో పడింది.

ఆఫీసంతా గుసగుసలు. దొర ముందు ఆ మాట ఎత్తే ధైర్యం మాత్రం ఎవరికీ లేదు. ఎడిటరమ్మ రచయితను గదిలోకి పిలిచి తలుపు వేసింది. అరవలేదు.

“కలం ఆయన చేతిలోనే ఉంది. ఒక్క మాట చెరిపేస్తే సరిపోయేది. తన పరువు తనే తీసుకున్నాడు గానీ నీ రాత మార్చలేదు. వెళ్లి క్షమాపణ అడుగు. అడిగాకే మళ్లీ ఈ గడప తొక్కు.”

ఆమె మాటల కన్నా ఆ బుడగే అతన్ని ఎక్కువ పొడిచింది. తనను తిట్టిన తిట్టును ఎవరైనా అంత ఓపిగ్గా దిద్దుతారా? చూసేకొద్దీ రచయితకు తన మీద తనకే అసహ్యం వేసింది.

లాండ్రీ పైన రెండు గదులు, దొర ఇల్లు. తలుపు తీసిన ఆయన భార్య, పని మధ్యలో పిలిస్తే విసుక్కుంటారని చెప్పి, కూర్చోబెట్టి మంచినీళ్లిచ్చింది. లోపలి గదిలో బల్ల మీదికి వంగిన దొర వీపు కనిపిస్తోంది. కలం కాగితాన్ని గీకుతున్న చప్పుడు.

రచయిత గ్లాసు ఎత్తబోయి ఆగిపోయాడు. ఎదురుగా గోడ మీద, అద్దం ఫ్రేములో ఆ పేజీయే ఉంది.

ఇంత బాగా ఎప్పుడూ కుదరలేదని ఆయనే కట్టించి పెట్టుకున్నారని, పొద్దున లేవగానే దాన్నే చూసుకుంటారని ఆవిడ మురిసిపోతూ చెప్పింది.

రచయిత ఇక తట్టుకోలేకపోయాడు. తను చేసిన నీచపు పనంతా చెప్పుకున్నాడు. అంత అవమానం మింగి గోడకెక్కించుకున్న మనిషి కాళ్లు పట్టుకుని గానీ వెళ్లనన్నాడు. ఆవిడకు సగం అర్థం కాలేదు. ఆ బుడగలో ఏముంది నాయనా అని అడిగింది. అతను తల దించుకుని, గొంతు తగ్గించి చదివి వినిపించాడు.

ఆవిడ ఫ్రేము వైపు ఒకసారి చూసింది. తర్వాత లేచి వెళ్లి, చప్పుడు కాకుండా లోపలి గది తలుపు దగ్గరగా వేసి వచ్చింది.

“ఈ మాట నీ కడుపులోనే దాచుకో నాయనా, ఆయనకి అక్షరం ముక్క చదవడం రాదు.”