ఎర్త్ తీగ

"ఆండాలూ, చెయ్యి తియ్యకు!" అన్నాడు ఈశ్వరయ్య, హెడ్‌ఫోన్లు చెవులకు అదుముకుంటూ.

దూరదేశాల వాళ్లతో మాట్లాడే హామ్ రేడియో కోసం తాను సొంతంగా కట్టుకున్న, సన్నని సిగ్నల్‌ను పెంచే ప్రీయాంప్లిఫయర్ పెట్టె మీద భార్య అరచెయ్యి ఆనిస్తేనే గుయ్యిమనే మోత ఆగుతోంది. నెలరోజులుగా యాకుత్‌పురాలోని ఆ ఇంట్లో సాయంత్రాలన్నీ ఇట్లాగే గడుస్తున్నాయి.

విసిగి, స్విచ్చి ఆపి, పెట్టెను తిరగేశాడు. ఎర్త్ తీగ ఊడి ఉంది. దాన్ని బిగించే స్క్రూ మీద పసుపు వేలిముద్ర.

"నువ్వే ఊడదీసినవా?"

"సిలోనోళ్లతోని, బర్మావోళ్లతోని మస్తు మాట్లాడ్తరు. గీ మోత వచ్చినంకనే నా దిక్కు చూస్తున్నరు."

ఆయన తీగ బిగించి, స్విచ్చి వేశాడు. మోత లేదు.

"ఇగ నాతోని పని లేదు గదా," అంటూ ఆమె లేచింది.

ఈశ్వరయ్య స్క్రూను మళ్లీ వదులు చేశాడు.

"కూసో. మళ్ల మోత షురువైంది."