సీసా మీద పేరు

చెత్తబుట్ట అడుగున ఆ కవరు కనిపించగానే తియాస్ చెయ్యి ఆగిపోయింది.

తీపి సోయాసాస్ కవరు అది. వంటింట్లో సీసా మీదున్న పేరు గల కంపెనీది కాదు. కాలేజీ పక్క సూపర్‌మార్కెట్ వాళ్లు తమ ముద్ర వేసుకుని చవగ్గా అమ్మే రకం. శుభ్రంగా కడిగి, నాలుగు మడతలు పెట్టి, అరటి తొక్కల కింద కుక్కి ఉంది. చెత్త పారేసే వంతు ఎవరిదైనా వెనింగ్ ఎందుకు ఎగబడి తీసుకెళ్తుందో తియాస్‌కి ఇన్నాళ్లకు తట్టింది.

యోగ్యకర్తలోని ఆ ఆడపిల్లల అద్దె ఇంట్లో నలుగురు కలిసి వండుకుంటారు. అక్కడి డబ్బులో సరుకులకే సరిపోయే మూడు లక్షల రుపియా మనిషికి నెలకు వేసుకుని వెనింగ్ చేతిలో పెడితే, సరుకులన్నీ ఆమే తెస్తుంది. సాస్ అయినా నూనె అయినా కవర్లలో తెచ్చి పాత సీసాల్లో నింపుకోవడం అక్కడ ఇంటింటా ఉన్నదే కాబట్టి, ఆమె గరాటు పట్టుకుని నిలబడితే ఎవరూ తిరిగి చూసేవారు కాదు. ఏ కంపెనీది తేవాలన్న దగ్గరే మొదట్లో పేచీ వచ్చింది. చవక రకం చాల్లే అని తియాస్ అంటే, సెలీ మూతి తిప్పింది. ఆ సాస్ వేసిన వేపుడన్నం తన నాలుక మీద నిలవదని, అది ఉత్త బెల్లం నీళ్లని తేల్చేసింది. సెలీ నోటికి జడిసి మిగతా ముగ్గురూ తలలూపారు.

వెనింగ్‌ని ఆ ఇంటికి తీసుకొచ్చింది తియాసే. ఇద్దరిదీ ఒకే ఊరు, ఒకే బడి. బంగారం లాంటి పిల్ల, పూచీ నాది అని ఇంటావిడకు చెప్పి మరీ గది ఇప్పించింది. ఆ పిల్లకే చేతివాటం ఉందా?

మర్నాడు క్లాసు ఎగ్గొట్టి వెనింగ్ వెనకాలే సూపర్‌మార్కెట్‌కి వెళ్లింది. నూడుల్స్ అరల చాటున నక్కి చూస్తే, వెనింగ్ రెండు సాస్ కవర్లూ చెరో చేత్తో పట్టుకుని కాసేపు నిలబడింది. పేరున్నదాన్ని అరలో పెట్టేసి చవకదాన్ని బుట్టలో వేసుకుంది. నూనె దగ్గరా అంతే, బియ్యం దగ్గరా అంతే, కాఫీపొడి దగ్గరా అంతే. ఒక్కో సరుకు మీద మిగిలేది ఎంతో కాదు గానీ, నెల మొత్తానికి కూడి చూస్తే మూడు లక్షల దాకా తేలింది. పైగా వెనింగ్ కాళ్లకు కొత్త బూట్లు.

అడగాలా వద్దా అని తియాస్ రెండు రోజులు కొట్టుకుంది. చదువు మీద మనసు నిలవలేదు, వెనింగ్ నవ్వుతూ పలకరిస్తే తిరిగి నవ్వలేకపోయింది. మూడో రోజు భోజనాల దగ్గర సెలీ వేలు నాకి, పేరున్న సాస్ రుచే వేరని ఎప్పటిలా మెచ్చుకుంది. దాంతో తియాస్ ఓపిక తెగి, మడతల కవరు తెచ్చి చాప మధ్యలో పడేసింది.

“ఇదేంటో చెప్పు వెనింగ్. సీసా మీద పేరొకటి, లోపల ఉన్నది ఇంకోటి. ఎన్నాళ్ల నుంచి?”

వెనింగ్ కవరు వైపు చూసింది. “నాలుగు నెలలు.”

నాలుగో పిల్ల నస్తితి కంచం పక్కకు నెట్టింది. “ఖరీదైనదానికి డబ్బులు పుచ్చుకుని మాకిది పోస్తున్నావా? మరి మిగిలింది ఏం చేశావే?”

“నేను తినలేదు. అంతవరకే చెప్పగలను.”

“ఆ బూట్లో?”

“మా పిన్ని పంపింది.”

తియాస్ ఆమె పక్కకు జరిగింది. “నీకు పూచీ పడ్డదాన్ని నేను. ఒక్క మాట చెప్పు, మిగతాది నేను చూసుకుంటాను.”

వెనింగ్ ఏదో చెప్పబోయి, మళ్లీ అన్నం కలుపుకోవడంలో పడింది. అన్నిటికీ ముందు నోరు చేసుకునే సెలీ ఆ పూట తలెత్తలేదు. కడుపు బాగాలేదని గొణిగి, సగం అన్నం వదిలేసి లేచిపోయింది. నాలుగు నెలలు బెల్లం నీళ్లనే లొట్టలేసుకుని తిన్నానని తెలిసి మొహం చెల్లలేదు కాబోలని తియాస్ అనుకుంది.

ఆ రాత్రే వెనింగ్ డబ్బుల సంచీ తెచ్చి తియాస్ చేతిలో పెట్టింది. శనివారం ఊరి చివర ఇంకో గది చూసుకుని వెళ్లిపోయింది. మెట్ల మీదుగా పెట్టె ఒక్కతే ఈడ్చుకుంటూ దిగుతుంటే, తియాస్ కిటికీ దగ్గరే నిలబడిపోయింది. కోపమూ వచ్చింది, ఏడుపూ వచ్చింది. సాయానికి మాత్రం కాళ్లు కదల్లేదు.

నెల మొదటి ఆదివారం నస్తితి తన వాటా ఇచ్చి వెళ్లింది. కాసేపటికి సెలీ వచ్చింది. లోపలికి రాగానే తలుపు గడియ పెట్టి, చున్నీ కొస వేలికి చుట్టుకుంటూ నిలబడింది.

“ఇకమీదట చవక రకమే తే తియాస్, నాకేం పర్లేదు.”

“నీ నాలుక మీద నిలవదుగా?” అని తియాస్ దెప్పింది.

సెలీ ఎప్పటిలా తిరిగి అంటించలేదు. గడియ పడిందో లేదో మరోసారి చూసుకుని గొంతు తగ్గించింది.

“మా నాన్న పని పోయిన దగ్గర్నుంచీ నా వాటా ఆ మిగిలిన డబ్బులోంచే వెనింగ్ సర్దేది.”