అరచేతంత అద్దం

"అద్దం మొత్తం తుడుచుకుని వెళ్లు తల్లీ."

ముసలాయన కారుకి అడ్డంగా నిలబడ్డాడు.

డార్లీన్ బ్రేకు తొక్కి పళ్లు నూరింది.

విన్నిపెగ్‌లో జనవరి పొద్దు. ఇంజను గడ్డకట్టకుండా రాత్రంతా దానికి కరెంటు తీగ తగిలించి ఉంచినా, కారు మూలుగుతూ లేచింది. అద్దం మీది మంచుని ఆమె అరచేతంత మేర గీకింది. లోపల తన ఊపిరికే పట్టిన ఆవిరిని కోటు చేత్తో అంతే మేర తుడిచింది. ఆ సందులోంచి చూస్తూ బయల్దేరింది. ఊళ్లో సగం మంది చేసే పనే అది.

"కనిపిస్తోందిలే, జరుగు."

"నీకు కనిపించేది ముందున్న రోడ్డు. పక్కనుంచి వచ్చేవాళ్లు కనిపించరు."

"ఈ చలిలో పక్కనుంచి ఎవరొస్తారు, నువ్వు తప్ప!"

ముసలాయన అప్పుడే గీకడం మొదలుపెట్టాడు. చేతిలో పొడుగు కర్రకి బిగించిన పలక.

"కిటికీ వేలెడంత దించు. ఆవిరి పోతుంది."

"ఆవిరి సంగతేమో గానీ, నేను పోతాను."

ఇది రోజూ ఉండే భాగోతమే. ఆయన ఇంటిపేరు పెన్నర్. అపార్ట్‌మెంట్లవాళ్లు 'అద్దాల పెన్నర్' అని పేరు పెట్టారు. మొదటి మంచు పడ్డ వారం ఆమె ఇక్కడికి మారింది. అప్పటినుంచీ ఈయన శనిలా తగులుకున్నాడు.

పొద్దున ఆసుపత్రి లాండ్రీ, సాయంత్రం ఇంకో దుకాణం. నిద్ర ఆమె ఇంటికి చుట్టపు చూపుగా వచ్చి పోతోంది. ఇంకోసారి ఆలస్యమైతే ఇక రానక్కర్లేదని లాండ్రీ సూపర్‌వైజరు నిన్ననే చెప్పాడు.

గడియారం చూసేసరికి అప్పటికే ఆలస్యమైంది. తలుపు తోసుకుని దిగింది.

"ఏమయ్యా, నీకు పనీపాటా లేదని ఊళ్లో ఎవరికీ లేదనుకున్నావా? నా ఉద్యోగం పోతే నువ్వు పెడతావా తిండి?"

"ఒక్క నిమిషం తల్లీ, ఆ కుడి మూల..."

"నీ చాదస్తమేదో నీ కారు మీద చూపించుకో, పో!"

పెన్నర్ చెయ్యి ఆగింది.

"నేను బండి నడపడం మానేశానమ్మా."

"అదృష్టవంతుడివి! ఇంకోసారి నా కారు ముట్టుకున్నావంటే పోలీసుల్ని పిలుస్తాను."

ఆయన పక్కకి జరిగాడు.

ఆ రోజు చలికి సూపర్‌వైజరు కారే లేవలేదట. డార్లీన్ బతికిపోయింది.

మర్నాడు కాస్త ముందే దిగింది. పెన్నర్ లేడు. ఆమె కారు తీగ తగిలించే స్తంభానికి ఆయన పలక ఆనించి ఉంది.

పీడా పోయిందనుకుంది. కానీ నిన్న అన్న మాటలు గుర్తొచ్చి సిగ్గేసింది. పెద్దాయన్ని అంతలేసి మాటలు అనాల్సింది కాదు.

తిట్టుకుంటూనే పలక అందుకుంది. కిటికీ వేలెడంత దించింది. బయట మంచు గీకింది. లోపలి ఆవిరి మెల్లగా విడిపోయింది. చివరికి కుడి మూల కూడా తేటపడింది.

గేటు దగ్గర కాలు అలవాటుగా బ్రేకు మీదికి పోయింది. ఈసారి అడ్డం ఎవరూ లేరు.

కుడి మూలలో మాత్రం, గేటు పక్కన, చిన్న చెక్క శిలువ కనిపించింది. దాని కింద వెలిసిపోయిన ప్లాస్టిక్ పూలు. శిలువకి తొడిగిన చిన్నపిల్ల ఉన్ని టోపీ.

అపార్ట్‌మెంట్ల మేనేజరు బెవ్ అక్కడే మంచు కరగడానికి దారి మీద ఉప్పు చల్లుతోంది.

"బెవ్, ఇదెప్పుడు పెట్టారు?"

"నువ్వు రాకముందు నుంచీ ఉంది. రోజూ దీని పక్కనుంచే పోతావు కదే!"

"నాకెప్పుడూ కనిపించలేదు."

"మూడో తరగతి పిల్ల. స్కూలు బస్సు కోసం పరిగెడుతోంది. కారులో ఉన్న మనిషికి ఆలస్యమైంది. అద్దం అరచేతంత గీకి..." బెవ్ ఆపేసింది.

డార్లీన్ శిలువ మీది పేరు చదివింది. ఎలీ పెన్నర్.

"ఆయన మనవరాలా?"

"కొడుకు కూతురు. ఆ పిల్లంటే ఆయనకి ప్రాణం."

డార్లీన్ వెనక్కి తిరిగి అపార్ట్‌మెంట్ల వైపు చూసింది.

"ఏడీ ఆయన? క్షమించమని అడగాలి."

"పొద్దున్నే బస్సెక్కి వెళ్లిపోయాడు. ఎక్కడికో చెప్పలేదు. తన వల్ల నీ ఉద్యోగం పోతుందని భయపడ్డాడు. పలక మాత్రం నీకే వదిలేశానన్నాడు."

డార్లీన్ కళ్లు తుడుచుకుంది. ఏడుపుతో పాటు కోపం కూడా వచ్చింది.

"ఈ పెద్దాయన ఇలా మంచులో నిలబడి చావాలి. ఆ పిల్లని గుద్దినవాడు మాత్రం ఎక్కడో హాయిగా తిరుగుతుంటాడు!"

బెవ్ ఆమె వంక జాలిగా చూసింది.

"హాయి ఎక్కడిదే డార్లీన్... ఆ రోజు కారు నడిపింది కూడా ఆయనే."