కనురెప్ప మీద గాటు

దుర్గిలో ఉలి పట్టే ఇల్లు ఒక్కటే మిగిలింది. అది మోక్షాచారిది. మిగతా ఊరంతా యంత్రాలే బొమ్మలు చెక్కుతున్నాయి. చేతిపని అని ముద్ర పడాలంటే తనిఖీ పరికరం ఒప్పుకోవాలి. అది చెయ్యి చేసిన తప్పుల కోసం వెతుకుతుంది. ఆచారి చెక్కిన రెండు విగ్రహాల్లో తప్పు దొరక్క, అవి యంత్రం చేసినవేనని కొట్టేసింది. మూడోదీ పోతే లైసెన్సు రద్దవుతుంది, ఉలి అప్పగించాలి.

తనిఖీకి వచ్చిన నస్రీన్ పరికరాన్ని మూడో విగ్రహమైన అమ్మవారి ముఖం చుట్టూ తిప్పింది. ఎర్రదీపం వెలిగింది.

“ఎందుకంత తిన్నగా చెక్కుతావు తాతా? ఎక్కడో ఓచోట చెయ్యి జారొచ్చుగా!”

“అరవై ఏళ్లు జారకుండా కాపాడుకున్నానమ్మా. అందుకా శిక్ష?”

“ఒక్క గాటు పెట్టు. మళ్లీ చూస్తా.”

“గాటు పడితే పూజకి పనికిరాదు తల్లీ. ఏట్లో కలిపెయ్యాల్సిందే.”

“మరి ఉలి పోతే?”

ఆయన అమ్మవారి పాదాలు తాకి కళ్లకద్దుకుని, కనురెప్ప మీద ఉలి ఆనించాడు. నస్రీన్ చప్పున గోడవైపు తిరిగి, సంచిలో ఏదో వెతుక్కుంటున్నట్టు నిలబడింది. ఆ పిల్ల చేసిన మేలు ఆయన గమనించాడు. సుత్తి దెబ్బ పడింది.

ఈసారి పచ్చదీపం వెలిగింది.

“పాసయ్యావు తాతా,” అంది మెల్లగా.

పని పూర్తయిన విగ్రహానికి చెంబుడు పసుపునీళ్లు పోయడం ఆ ఇంటి ఆచారం. ఆ రోజు ఆచారి ఆ చెంబు తన నెత్తిన పోసుకుని, చావింటి నుంచి వచ్చినవాడిలా తడిబట్టలతోనే లోపలికి వెళ్లాడు.